చెంచాడు నూనెలో రెండు చుక్కలు

ముందు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు.

రెండు వేల ఆరు, మార్చి నెల. గద్వాల కోట వెనక సందులో ఒక ఇల్లు. ముందు గదిలో శ్రీజ బ్యూటీ పార్లర్, వెనక గదిలో వాళ్ళ నాయిన రామస్వామి మగ్గం. పార్లర్ అంటే మరీ ఊహించుకోకండి. ఒక తిరిగే కుర్చీ, ఒక నిలువుటద్దం, కర్నూలులో ఆరు నెలల కోర్సు చేసినట్టు ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టు. శ్రీజ పళ్ళ మధ్య దారం పట్టుకుని ఓ పెళ్ళికూతురి కనుబొమలు దిద్దుతోంది. ఇంతలో గులాబీలను ఎండుగడ్డిలో చుట్టి తెచ్చినట్టు ఓ వింత పరిమళం గడప దాటి లోపలికి వచ్చింది. దాని వెనకే అతను.

నోట్లో దారం ఉంది కాబట్టి ఎవరని అడగలేకపోయింది. కళ్ళతోనే కూర్చోమంది. ఆడవాళ్ళ పార్లర్లో మగవాడు ఎక్కడ కూర్చుంటాడు పాపం, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు. ఎండకు కమిలిన మెడ, చేతిలో రెండు గోధుమరంగు సీసాలు. నవ్వితే బాగుంటాడేమో అనుకుంది శ్రీజ. అతను మాత్రం నవ్వలేదు.

పేరు రంజిత్, ఊరు ఇటిక్యాల అన్నాడు. జొన్న కూడా సరిగ్గా పండని రెండెకరాల చెలకలో గులాబీ వాసన వచ్చే పామరోజా గడ్డీ, నిమ్మగడ్డీ వేశాడట. పొలం గట్టునే బట్టీ పెట్టి, గడ్డిని ఆవిరికి ఉడికించి నూనె తీస్తున్నాడట. పామరోజా నూనె ముఖానికి మంచిదని విని పార్లర్లన్నీ తిరుగుతున్నాడు. వనపర్తిలో ఇద్దరు కొన్నారు కూడా.

శ్రీజ మూత తీసి వాసన చూసింది. ఒక్క క్షణం ఆ గదిలో ఎవరున్నారో మరిచిపోయింది. తేరుకుని, వ్యాపారం మాట అడగాలి కాబట్టి, చెంచాడు నువ్వుల నూనెలో ఎన్ని చుక్కలు కలపాలని అడిగింది.

అంతే, అతని ముఖం మాడిపోయింది. బట్టీ వాళ్ళ దగ్గర కలపడం అనే మాట ఎత్తకూడదని ఆమెకేం తెలుసు. దళారులు చౌక నూనె కలిపి అమ్ముతుంటే, చుక్క కల్తీ లేకుండా తీస్తున్నానని అతనికి అదొక్కటే గర్వం. చనిపోయిన తండ్రి కురుమయ్య పాలు అమ్మినన్నాళ్ళూ చెంబెడు నీళ్ళు కలిపి ఎరగడు. ఆ తండ్రికి ఈ కొడుకు.

"మేడం, మా ఇంట్ల కలుపుడనే ముచ్చటనే లేదు" అన్నాడు.

"అమ్మేటప్పుడు కలపమంటలేను. పెట్టుకునేటప్పుడు కలపాలె. ఉత్తది పెడితే మొఖం కాలుతది."

"మంచి సరుకు ఎట్ల కాలుస్తది?"

"మిరపకాయ గూడ మంచి సరుకే. కండ్లల్ల పెట్టుకుంటరా?"

పెళ్ళికూతురు ఫక్కున నవ్వింది. రంజిత్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఒక సీసా అద్దం ముందే మరిచిపోయాడు, లేదా మరిచిపోయినట్టు చేశాడు. ఆ సంగతి శ్రీజ ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సీసా ఇంట్లోకి తీసుకెళ్ళడానికి లేదు. నేత ఇంట్లో నూనె అంటే నిప్పుతో సమానం. గద్వాల చీరకు నడిమి నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ ప్రతి పోగు దగ్గరా వేళ్ళతో కలుపుతూ నేయాలి, అందుకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. రామస్వామి పక్కన మొదట భార్య సుభద్రమ్మ కూర్చునేది. ఆమెకు చూపు మందగించాక శ్రీజ కూర్చుంటోంది. పొద్దున్నే మగ్గం ఎక్కేముందు కుంకుడు నురగతో మోచేతుల దాకా కడుక్కోవాలి, రామస్వామి ఆ చేతులు వాసన చూసి తల ఊపాలి. అదీ ఆ ఇంటి కట్టుబాటు. పార్లర్ పెట్టుకోనిచ్చాడు గానీ నూనె సీసా వెనక గదికి రానివ్వలేదు.

పది రోజుల తర్వాత రంజిత్ మళ్ళీ వచ్చాడు. ఈసారి వెనకాల ఒక ఆడమనిషి. కొంగు ముక్కు దాకా లాగేసుకుంది.

"మా అమ్మ, వెంకటమ్మ" అన్నాడు తల దించుకుని. కొంగు తొలగించి చూస్తే రెండు బుగ్గలూ నిప్పుల్లా ఎర్రబడి పొంగి ఉన్నాయి. ఉత్త నిమ్మగడ్డి నూనె. కొడుకే రాశాడు. రాసుకుని ఆమె ఎప్పటిలాగే ఎండలో కలుపు తీయడానికి వెళ్ళింది.

ఎందుకు రాశాడో కూడా అతనే చెప్పాడు, అడక్కుండానే. వెంకటమ్మకు నలభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళ ఎండ ఆమె ముఖాన్ని డెబ్బై ఏళ్ళ ముఖం చేసింది. చెంపల నిండా నల్లటి మంగు, కళ్ళ పక్కన పొలం చాళ్ళలా ముడతలు. బస్సులో ఓ నడివయసు కండక్టరు ఆమెను అవ్వా అని పిలిచి సీటు ఇప్పించాడట. ఆ రోజు నుంచి ఆమె అద్దం చూడకుండా తల దువ్వుకుంటోంది. పెళ్ళికి పిలిస్తే పోదు, ఫొటో అంటే మొహం తిప్పేసుకుంటుంది. తల్లి అద్దం చూడాలి, కొడుక్కి అంతకు మించి ఏ కోరికా లేదు.

నేను చెప్పలేదా అనడానికి శ్రీజ నోరు తెరిచింది. అతని కళ్ళలో నీళ్ళు చూసి మూసేసుకుంది. ఆ క్షణాన్నే ఆమె మనసు జారిపోయిందని నా అనుమానం.

ముందు దవాఖానకు పంపింది. కాలిన చర్మం మానేదాకా ఏ నూనే ముట్టుకోవద్దంది. మూడు వారాలకు ఎరుపు తగ్గి, డాక్టరు సరేనన్నాక, ఆదివారం రమ్మంది. తెలకపల్లి గానుగ నుంచి తెప్పించిన నువ్వుల నూనె ఒక చెంచాడు తీసి, అందులో పామరోజా రెండంటే రెండు చుక్కలు వేసింది. ముందు మోచేతి మడతలో రాసి, మర్నాటికి దద్దురు రాకపోతేనే ముఖానికి అంది.

"పెద్దమ్మా, ముడతలు పోవు. ఉన్నమాట చెప్తున్న" అంది. "ముప్పై ఏండ్ల ఎండ ముప్పై దినాలల్ల పోతదా? తోలు మెత్తపడ్తది, చిటపట తగ్గుతది, మచ్చ జర మసకైతది. గంతే. నూనె మాపటికే రాయాలె. పగలు నెత్తిమీద గుడ్డ లేకుండ ఎండల అడుగు పెడితే మాత్రం నేను ఊకోను."

వెంకటమ్మ చాలాసేపు ఆమెనే చూసింది. తెల్లబడతావని చెప్పి క్రీములు అంటగట్టినవాళ్ళనే ఇన్నాళ్ళూ చూసింది పాపం. తన ముఖం మీద వేళ్ళు పెట్టి ఇంత మెల్లగా నిమిరినవాళ్ళు ఆమె తల్లి తర్వాత ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని అలాగే నిద్రపోయింది.

ఆదివారాలు అలా మొదలయ్యాయి. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సెక్కగానే రంజిత్ ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. గద్వాల స్టాండులో దిగగానే రెండు. పైసా ఖర్చు లేని ఆ మోతలకు శ్రీజ గుండె లయ తప్పేది. తల్లి కుర్చీలో కునుకు తీస్తుంటే వీళ్ళిద్దరూ గడప దగ్గర నిలబడి గడ్డి గురించీ, వానల గురించీ గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే ఇద్దరికీ గుర్తుండేది కాదు. మగ్గం మీద కూర్చుంటే కూడా శ్రీజకు పట్టుపోగుల మధ్య ఆ గడ్డి వాసనే తగిలేది, ఎన్నిసార్లు కడిగినా అది చేతులకు కాదు, ఇంకెక్కడో అంటుకుంది.

జూన్‌లో తొలకరి పడ్డాక వెంకటమ్మ ఆమెను ఇటిక్యాలకు పిలిచింది. సుభద్రమ్మ తోడు వచ్చింది. పొలం గట్టున బట్టీ మండుతోంది. పెద్ద ఇనప డ్రమ్ములో గడ్డి ఉడుకుతోంది, ఆవిరి గొట్టంలోంచి వెళ్ళి నీళ్ళ తొట్టిలో చల్లబడి, సీసాలోకి చుక్కలుగా రాలుతోంది. తల్లులిద్దరూ గుడిసెలో ముచ్చట్లలో పడ్డారు. మబ్బు కమ్మి సన్నగా జల్లు మొదలైంది. తడిసిన మట్టి వాసనా, గడ్డి వాసనా కలిసిపోయాయి. ఇది కలగాక ఇంకేమిటనుకుంది శ్రీజ. ఎండిన చెలక అంతా పచ్చగా, ఆ పచ్చదనం మీద తెల్లగా ఆవిరి, ఆ ఆవిరిలో కనబడీ కనబడకుండా ఒక మనిషి.

"ఒక మాట చెప్తే కోపం చేస్తవా?" అన్నాడు రంజిత్, సీసా వంకే చూస్తూ.

"మాట వింటెనే గదా తెల్సేది."

"మా అమ్మను పెద్దమ్మా అని పిలవకు."

ఆమెకు అర్థం కాలేదు. మర్యాదగానే పిలుస్తున్నాను కదా అంది.

"ఆమె నీకు పెద్దమ్మ అయితే నేనేమైత? అన్ననైత. నాకు గది ఇష్టం లేదు" అన్నాడు. "అత్తా అని పిలువు. జర అలవాటు చేస్కో."

 శ్రీజ గడుసు నోరు, మిరపకాయ సామెత చెప్పిన నోరు, ఆ జల్లులో మూగబోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కాక కిటికీలోంచి తల బయట పెట్టి, పోయొస్త అత్తా అని గట్టిగా అరిచింది. వెంకటమ్మ ఉలిక్కిపడి కొడుకు వైపు చూసింది. కొడుకు ఆకాశం వైపు చూశాడు.

అంతా ఇంత హాయిగా సాగితే ఇక కథ ఎందుకు. ఆ వారమే మగ్గం మీద ఒక పెళ్ళిచీర అంచు పాడైంది. పట్టుపోగులు అక్కడక్కడా తెగి పైకి లేచాయి. రామస్వామి చీర మీద అరచెయ్యి ఆనించాడు.

"నీ చేతికి నూనె ఉండెనా?" అని అడిగాడు. నూనె తగిలితే పట్టు మెత్తబడి వేలికి అంటుకుని లేస్తుందని ఆయన నమ్మకం.

శ్రీజ చేతులకు నూనె లేదు. పొద్దున ఆయనే వాసన చూశాడు. పోగు ఎలా లేచిందో ఆమె కళ్ళారా చూసింది. నలభై ఏళ్ళుగా వీధిలో ఎండకు పడుగులు చాపిన ఆయన చేతులు గరుకెక్కి, వేళ్ళ కొసలు బీటలు వారాయి. ఆ బీటలకు పట్టు తగులుకుని లేస్తోంది. ఆయనకు మాత్రం కనబడదు, లేక కనబడినా ఒప్పుకోలేడు. రామస్వామి చెయ్యి పోయిందని సందులో ఒక్కరికి తెలిస్తే చాలు, పట్టు ఇచ్చే షావుకారు మళ్ళీ గడప తొక్కడు. అది ఆయన కూలి కాదు, ఆయన ప్రాణం.

"ఉండె నాయినా" అంది. "నేనే సరిగ్గ కడగలే."

"అయితే నూనె అన్న ఉండాలె, మగ్గం అన్న ఉండాలె. తేల్చుకో" అన్నాడాయన. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

ఆ సాయంత్రమే సీసాలన్నీ అట్టపెట్టెలో సర్దేసింది. రంజిత్‌కు ఫోన్ చేసింది, ఈసారి మిస్డ్ కాల్ కాదు. ఇక రావద్దని చెప్పింది. ఏం తప్పు చేశానని అతను అడిగాడు. ఏం చెప్పాలి? నూనె మీద పడ్డ నింద అబద్ధమంటే నాయిన చేతుల మాట బయట పెట్టాలి. తెల్వదు అంది. దున్నుకునేవాళ్ళ ఇల్లు నచ్చలేదా అని అడిగాడు. దానికి కూడా ఏమీ అనలేదు. అతను దాన్నే జవాబనుకుని ఫోన్ పెట్టేశాడు. తండ్రి పరువొక పక్క, తన బతుకొక పక్క, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, శ్రీజకు అదే అయింది. మూడు ఆదివారాలు ఫోన్ మోగలేదు. పామరోజా వాసన గదిలోంచి రోజురోజుకీ తగ్గిపోతుంటే ఆమె తలుపులు మూసుకుని కూర్చుంది, ఉన్న కాస్తా పోకుండా.

నాలుగో ఆదివారం ముసురు పట్టింది. తడిసి ముద్దయి గుమ్మంలోకి వచ్చింది వెంకటమ్మ, నెత్తిన కొంగు లేకుండా. సుభద్రమ్మ తువ్వాలిచ్చింది. రామస్వామి మగ్గం దిగి వచ్చాడు. ఆమె ముఖం తుడుచుకుని, తడి జుట్టు వెనక్కి తోసుకుని, ఆయన ఎదురుగా పీట మీద కూర్చుంది. మచ్చలు పోలేదు, ముడతలూ ఉన్నాయి. కానీ ఆ ముఖం ఇప్పుడు ఎవరికీ దాక్కోవడం లేదు.

"అన్నా, నీ బిడ్డను నా కొడుక్కి అడుగుదామని వచ్చిన" అంది సూటిగా. "నా మొఖం బాగైంది గాని, వాని మొఖం మాడిపోయింది. ఇరవై దినాలసంది సరిగ్గ తింటలేడు."

రామస్వామి గొంతు సవరించుకున్నాడు. మీరు దున్నేవాళ్ళు, మేము నేసేవాళ్ళం, ఊరు నాలుగు మాటలంటుంది అన్నాడు.

"నాలుగే గద అన్నా. ఐదో మాట కాడికి వాళ్ళే అలిసిపోతరు."

ఆయనకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. కులం సంగతి అటుంచి, అసలు నూనె ఇంటికి మగ్గం ఇంటికి పొత్తు కుదరదన్నాడు. నూనె వల్ల ఏమైందో చూడమని లోపలికెళ్ళి ఆ చీర తెచ్చి, అంచు విప్పి చూపించబోయాడు. విప్పుతుంటే, అందరి కళ్ళ ముందే, ఆయన చూపుడు వేలి బీటకు ఒక పట్టుపోగు తగులుకుంది. లాగితే సన్నగా లేచింది. సరిగ్గా మిగతా పోగులు లేచినట్టే.

వెంకటమ్మ ముందుకు వంగి ఆ వేలిని చూసింది.

"అన్నా, గిది నూనె చేసిన పని కాదు" అంది వెంకటమ్మ మెల్లగా. "ఎండ చేసింది. నా మొఖానికి ఏం చేసిందో నీ వేళ్ళకు గదే చేసింది."

రామస్వామి తన చేతులు తిప్పి చూసుకున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత కూతుర్ని చూశాడు. ఆమె అప్పటికే గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

"నీకు ఎరుకనా?"

తల ఊపింది.

"మరి నీ చేతికి నూనె ఉండె అని ఎందుకన్నవు?"

"నిజం చెప్తే నువ్వు మగ్గం దిగిపోతవు నాయినా" అంది శ్రీజ. "నువ్వు దిగితే నేను సూడలేను."

 కూతురు ఆయన వేళ్ళ కోసం తన మనసును చంపుకుంది. ఆ సంగతి ఆయన ఒంట్లోకి ఇంకడానికి కాసేపు పట్టింది. తర్వాత లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళాడు. ఎదురింటి చూరు కింద, బండి పక్కన, పూర్తిగా తడిసిపోయిన ఓ కుర్రవాడు నిలబడి ఉన్నాడు. తల్లి లోపలికి రావద్దంది కాబోలు.

"వానల నిలబడితే పిల్లనిస్తరా? లోపలికి రా" అన్నాడు రామస్వామి.

రంజిత్ వచ్చాడు. శ్రీజ కళ్ళల్లోకి చూశాడు, తను అనుకున్నదంతా తప్పని ఆ ఒక్క చూపులో తెలిసిపోయింది. క్షమించమని అడగబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపి, పెట్టెలోంచి సీసాలు తీసింది. చెంచాడు నువ్వుల నూనె పోసింది. చుక్కలు వేయమని సీసా అతని చేతికే ఇచ్చింది.

వేశాడు. ఉత్త నూనె తప్ప ఇంకేదీ అమ్మనన్న మనిషి, ఊపిరి బిగబట్టి మరీ కలిపాడు. బీటలు లోతుగా లేవు, నెత్తురు లేదు, అయినా ముందు మణికట్టు మీద రాసి గంటసేపు ఆగాలంది శ్రీజ. ఆ గంటలో టీ తాగారు, వాన ఇంకా పెరిగింది, సుభద్రమ్మా వెంకటమ్మా వరస కలిపేసుకున్నారు. చర్మం ఎర్రబడలేదు. అప్పుడు రామస్వామి రెండు చేతులూ చాచాడు. నలభై ఏళ్ళలో ఒక్కనాడు కూడా తలంటుకు తప్ప నూనె ముట్టని చేతులు. కూతురు ఒక చెయ్యి పట్టుకుంది, రంజిత్ రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"పెండ్లి అయినంక గూడ పొద్దుగాల ఏడింటికి ఈమె నా పక్కకు మగ్గం మీద ఉండాలె" అన్నాడాయన, ఎటో చూస్తూ.

"మొదటి బస్సుకు నేనే ఎక్కిస్త మామా" అన్నాడు రంజిత్. మామా అన్న మాట నోరు జారిందో, కావాలనే అన్నాడో. రామస్వామి విననట్టే ఉన్నాడు.

రాయడం అయిపోయింది. తెల్లారి కుంకుడు రసంతో కడిగేదాకా దేన్నీ ముట్టుకోవద్దని శ్రీజ గట్టిగా చెప్పింది. గోరింటాకు పెట్టుకున్న పెళ్ళికూతురిలా చేతులు గాల్లోకి ఎత్తుకుని మంచం మీద కూర్చున్నాడు రామస్వామి. ఆ గది నిండా గులాబీ వాసన. కాసేపు కళ్ళు మూసుకుని దాన్ని పీల్చాడు, తర్వాత ఒక కన్ను తెరిచి గూట్లోకి చూశాడు.

"సుభద్రా" అన్నాడు. "నా చేతులకు నూనె ఉన్నది. జర ఆ పంచాంగం నువ్వే తీయి."